పెద్దక్షరాల పోలిరాజు

బండారులంక,
సోమవారం.

చీరలమ్మే మన చేనేత సంఘం వెబ్‌సైటు చూసుకునే నాగసతీష్‌కి ఆశీస్సులు. కోపం చల్లారలేదు గనక క్షేమ సమాచారాలు తర్వాత.

సైటులో మన నేతగాళ్ల పేర్లన్నీ గుంపుగా వేసేవు కదా, పోలిరాజు పేరు గుమ్మడికాయంత, నా పేరు ఆవగింజంత ఉందేమిటి బాబూ? ఎదురింటివాడే. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఫోనులో పేరు చూసుకుని మురుస్తున్నాడు. నాకు కాఫీ సహించడం లేదు. దాచుకోవడం దేనికి, కుళ్లుగానే ఉంది.

ఇట్లు,
మాణిక్యాలరావు

తా.క. ఫోనులో అడిగితే నవ్వుతావని కాగితం మీద రాసేను.

అమలాపురం,
బుధవారం.

మాణిక్యాలరావు బాబాయిగారికి నమస్కారాలండి.

ఆ సైజులు నేను పెట్టినవి కాదండి. దాన్ని ట్యాగ్ క్లౌడ్ అంటారు. చీరల వివరాలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. ఎవరి పేరు మీద ఎన్నున్నాయని నేను క్వెరీ అనే ప్రశ్న రాసి అడిగితే, అది లెక్కపెట్టి చెబుతుంది. ఎక్కువుంటే పెద్దక్షరాలు, తక్కువుంటే చిన్నవి. పోలిరాజు గారివి నలభై, మీవి మూడు. అంతేనండి.

మీ విధేయుడు,
నాగసతీష్

తా.క. నవ్వలేదండి. కొంచెమే.

బండారులంక,
శనివారం.

నాగసతీష్‌కి,

మూడా! నీ వయసుకు రెట్టింపు కాలంగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి!

సంఘం గుమస్తాని పిలిచి ఇంట్లో చీరలన్నీ ఫోటోలు తీయించి ఎక్కించేను. బీరువాలోవి, పెట్టెలోవి, ఆఖరికి మా పెళ్లికి నేను నేసిన మీ పిన్ని చీర కూడా. ఆవిడ పుట్టింటికి ముక్తేశ్వరం వెళ్లింది, అడగలేదు. పాత మూడింటితో కలిపి మొత్తం నలభై ఒకటి. పోలిరాజు ఫోను చూసి గబగబా లోపలికి పోయేడు. నేను రెండు గ్లాసుల కాఫీ తాగేను.

ఇట్లు,
పెద్దక్షరాల మాణిక్యాలరావు

తా.క. పెళ్లిచీర ఎవరూ కొనరులే. కొంగున పసుపు మరకుంది.

అమలాపురం,
సోమవారం.

బాబాయిగారికి, భయంభయంగా నమస్కారాలండి.

ముందే చెప్పవలసింది, తప్పు నాదే. నా క్వెరీ అమ్ముడుపోని చీరల్నే లెక్కపెడుతుందండి. మీవి పెట్టిన వారంలోనే అమ్ముడైపోతాయి గనక ఎప్పుడు చూసినా మూడే. పోలిరాజు గారివి దసరా నుంచీ అలాగే పడున్నాయి. ఆయన పొద్దున్నే ఫోనులో చూసేది మీ పేరునే. తన పేరు మీ పేరంత చిన్నది చెయ్యమని నాకు మూడు ఉత్తరాలు రాసేరు, కాగితం మీదే. మొన్న లోపలికి పరిగెత్తింది వాళ్లావిడకి చెప్పి నవ్వుకోవడానికటండి.

మీ విధేయుడు,
నాగసతీష్

తా.క. ఈ పొద్దున మీదొకటి అమ్ముడైంది, మీరిద్దరూ ఇప్పుడు సమానం. అది పసుపు మరక చీరేనండి. ఆర్డరు ముక్తేశ్వరం నుంచి, సత్యవేణి పిన్నిగారి పేరు మీద. కింద ఇలా రాసేరు: “పార్సెల్ అక్కర్లేదు, నేనే వచ్చి తీసుకుంటాను. నేసినాయన్ని ఇంట్లోనే ఉండమనండి.”