చెల్లె పేరు చెప్పి నింపిన డబ్బలు

శుక్రవారం, ఉప్పుగూడ

మళ్ళ కర్ఫ్యూ పెడ్తరేమోనని పొద్దుగాల నుంచి డబ్బలు నింపుకుంట కూసున్న. చిక్కుడుకాయ ఒరుగులు, వేయించిన పెసరపప్పు, వేపాకు కలిపిన బియ్యం. "ఎవ్వరికీ చెప్పకు, రేపు అందరొచ్చి మన గడపల నిలబడ్తరు" అని చెప్పి మా ఆయన ఆఫీసుకు పోయిండు.

మధ్యాహ్నం పక్కింటి ఫాతిమా వచ్చింది. పోయిన కర్ఫ్యూల మా పిల్లకు జ్వరమొస్తే ఇంట్ల ఉన్న పాలు తెచ్చిచ్చింది గీమెనే.

"గింత సామాన్ ఎందుకక్కా?" అని అడిగింది.

"మా చెల్లె కడుపుతోటి ఉంది, వరంగల్ పంపాలె." నోటికి ఏదొస్తే అది అనేసిన.

"ముబారక్!" అని చేతులు కడుక్కొని నా పక్కనే కూసుంది. పొద్దుమీకే దాంక ఒరుగులు ఏరింది, గాలి పోకుండ మూతల చుట్టు మైనం పూసింది. చెల్లెకు ఏం తినబుద్ధైతుందని అడిగితే ఇంకో అబద్ధం చెప్పిన. ఆమె మొగడు రోజు కూలి. కర్ఫ్యూ పడితే పిల్లలకేం పెడ్తవని మాత్రం నేను అడగలే.

ఇంటికి పోయి మళ్ళొచ్చి గుప్పెడు ఎండు ఖర్జూరాలు నా చేతుల పెట్టింది. "నీ చెల్లెకు నా తరఫున ఇయ్యి."

ఆయన వచ్చినంక అంతా చెప్పిన. నవ్విండు. "మంచిగైంది. ఖర్జూరాలు గూడ డబ్బల వెయ్యి" అన్నడు.

సిగ్గుతోటి తలెత్తలేకపోయిన. అయినా లేచి, వేసి, మూత బిగించిన.