నేను దాటేసిన పేజీలు

మార్చి 9, ఆదివారం

పూజ్యులైన వదినగారికి,

మీ మరదలు నమస్కరించి రాస్తున్నది. ఫోన్లో మీకు మాట సరిగా వినపడదు కనుక అన్నీ వివరంగా రాస్తున్నాను. ముందు మీరు ఎదురుచూస్తున్న మాట: మీ తమ్ముడి కన్ను నిలబడింది. నిన్న డాక్టరుగారు లైటు వేసి చాలాసేపు చూసి, కంటి వెనక ఊడిన పొర చక్కగా అతుక్కుందనీ, ఇక భయం లేదనీ అన్నారు. బయటికి వచ్చాక నేను బెంచీ మీద కూర్చుని చేతులు జోడించాను. దేవుడికి కృతజ్ఞత చెప్పుకుందామంటే మాటలు రాలేదు. ఆయనకు అర్థమయ్యే ఉంటుంది.

రెండో కన్ను చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రమేనని మీకు తెలియనిది కాదు. ఇది కూడా పోతే గడియారాలు బాగుచేసే మనిషి ఏం చేస్తారు? ఆపరేషన్ ఒక ఎత్తు, ఆ తరవాతది ఇంకో ఎత్తు. కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. అది పొరను నొక్కిపట్టి ఉంచాలంటే బోర్లా పడుకునే ఉండాలట, తల ఎత్తితే మొదటికే మోసమట. మంచం చివర దిండ్లు పేర్చి, మధ్యలో ముఖం పట్టేంత సందు వదిలి పడుకోబెట్టాను. ఒక పూట గడవలేదు. వీధిలో ఎవరో పిలిస్తే తల ఎత్తారు, కుక్కర్ కూస్తే ఎత్తారు, షాపుకు తాళం వేశామా అని ఎత్తారు. మంచానికి కట్టేస్తానన్నాను. నేను గొంతు పెంచడం కొత్త కదా, కాసేపు భయపడ్డారు. కాసేపే.

అప్పుడు మీరు పంపిన నవల గుర్తొచ్చింది. దేవుడి పుస్తకాలు తప్ప ముట్టని నాలాంటిదానికి కాస్త హత్యా, కాస్త ప్రేమా రుచి చూపించాలని పంపారట! పొద్దున ప్రార్థన పుస్తకం పెట్టుకునే పీట మీదే దాన్నీ పెట్టి, మంచం పక్కన నేల మీద కూర్చుని మొదలుపెట్టాను. నువ్వు చదువుతుంటే హత్య జరిగినట్టే లేదు, పూజ జరిగినట్టుంది అని దిండ్ల మధ్య నుంచి గొణిగారు. కానీ తల ఎత్తలేదు.

కథ మీకు తెలిసిందే. పాతకాలపు కోటలో ఖజానా అధికారి ఎవరో గొంతు బిగించగా చనిపోయి ఉంటాడు. ఎవరు చంపారో కనిపెట్టే పని ఒక వైద్యురాలికీ, కోట కాపలా నాయకుడికీ పడుతుంది. ఆమెకు నోరెక్కువ, ఆయనకు మాట తక్కువ. సగం పుస్తకం అయినా ఒకరి ముఖం ఒకరు నేరుగా చూసుకోరు. ఆమె గుమ్మంలో దీపానికి రోజూ నూనె ఎవరు పోసిపోతున్నారో ఆమెకే తెలియదు. నాకైతే హంతకుడి కంటే ఆ దీపం మీదే ధ్యాస. ఆ నాయకుడు పాడుబావిలో చిక్కుకున్న రోజున ఆయన కోసం ప్రార్థన కూడా చేశాను. ఎప్పుడో అచ్చయిపోయిన పుస్తకానికి ఇప్పుడు దేవుడు మాత్రం ఏం చేస్తాడని మీ తమ్ముడు అడిగారు. మరునాడు నాయకుడు బయటపడ్డాడు. నేను పీటకు దణ్ణం పెట్టి పేజీ తిప్పాను.

ఇక్కడే నేనొక పని చేశాను వదినా. వాళ్లిద్దరూ దగ్గరగా వచ్చిన చోటల్లా నా నోరు పెగల్లేదు. పెళ్లయి ఇన్నేళ్లయినా మేమిద్దరం అలాంటి మాటలు ఎరగం. మనసులో చదువుకుని, ఆ ముక్క దాటేసి, మళ్లీ దర్యాప్తు దగ్గర అందుకునేదాన్ని. అంతా బాగానే జరిగింది, ఆఖరు అధ్యాయం దాకా. అక్కడ వైద్యురాలు సభలో నిలబడి, ఆ వాన రోజున గంటకు కొత్త తాడు చూసి, పాతది ఏమైందా అనుకున్నప్పుడే గంట కొట్టేవాడి మీద అనుమానం వచ్చిందని చెబుతుంది.

ఏ వాన, ఏ తాడు అని అడిగారు మీ తమ్ముడు. ఎక్కడా చెప్పకుండా చివర్లో తాడు తెచ్చి వేలాడదీస్తే ఎలా, ఈ రచయిత ఉత్త మోసగాడు అని రెచ్చిపోయారు. చేయని తప్పుకు ఆ రాసినాయన మాట పడుతుంటే నాకు పాపం అనిపించింది. తాడు పుస్తకంలో ఉందనీ, నేనే మింగేశాననీ చెప్పేశాను. వానలో వాళ్లిద్దరూ ఒకే శాలువా కింద గంట గోపురం దగ్గర నిలబడతారు. ఆమె సిగ్గుతో తల తిప్పుకుని పైకి చూస్తుంది. తాడు కనిపించేది అప్పుడే.

మీ తమ్ముడు తల ఎత్తేశారు.

"చదువు. చదివేదాకా తల దించను."

ఒక చేత్తో ఆయన తల దిండుకు అదిమిపట్టి, ఇంకో చేత్తో పేజీలు వెనక్కి తిప్పి, శాలువా దగ్గర నుంచి చదివాను. చెయ్యి తీస్తే మళ్లీ లేస్తారేమోనని అలాగే ఉంచాను. అక్కడితో ఊరుకున్నారా? మింగినవన్నీ కక్కమన్నారు. అన్నీ చదివాను వదినా, దీపం దగ్గర వాళ్లు మొదటిసారి మాట్లాడుకునేది కూడా. ఆయన ముఖం కిందికి ఉంది కాబట్టి బతికిపోయాను. ఆ తరవాత పడుకోవలసిన రోజులన్నీ పిల్లాడిలా కదలకుండా పడుకున్నారు.

ఇప్పుడు బుడగ కరిగిపోయింది. వచ్చే వారం నుంచి కాసేపు షాపులో కూర్చోవచ్చన్నారు. నిన్న చాలా రోజుల తరవాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. మీ మోకాళ్ల సంగతి దాచకుండా రాయండి.

ఇట్లు,
మీరు పంపిన పుస్తకానికి రుణపడిన
మీ మరదలు

తా.క.: ఉత్తరం మడుస్తుంటే మీ తమ్ముడు లాక్కుని, కిటికీ దగ్గర నిలబడి, బాగైన కంటితోనే మెల్లగా అంతా చదివారు. చదివి నవ్వారు. నేను దాటేస్తున్నానని ఆయనకు మొదటి రోజే తెలుసట. నా గొంతు ఆగిపోయి, కాగితం తిరిగిన చప్పుడు మాత్రం వినిపించినప్పుడల్లా, అక్కడ వాళ్లిద్దరూ దగ్గరయ్యారని అనుకునేవారట. మరి ఆ తాడు కోసం అంత రగడ ఎందుకు చేశారని అడిగాను.

"తాడు ఎవడిక్కావాలి? ఆ శాలువా మాట నీ నోట వినాలనిపించింది" అన్నారు.