బీడు అన్న మాట

పెనుకొండ, బుధవారం

రొద్దం దగ్గర నా పేరిట ఉన్న చేనును సోలార్ ప్యానెళ్ల కోసం లీజుకు అడుగుతూ కంపెనీ మనిషి పొద్దున కాగితాలు తెచ్చాడు. అందులో చేనును ‘బీడు’ అని రాశారు. పోయిన ఏడు నాయన అక్కడే చెనక్కాయ పండించాడు.

“బీడు కాదప్పా, వానకోసరం కాసుకోనుండాది,” అన్నాడు నాయన.

“అట్ల రాస్తే పని తొందరగా అయితాది. సంతకం పెట్టక్కా,” అన్నాడతను నాతో.

సోలార్ అంటే నాకు కోపం లేదు. మా మిద్దె మీది సోలార్ హీటర్ నీళ్లతోనే నాయన రోజూ స్నానం చేస్తాడు. అయినా ఆ మాట కొట్టేసి, పైన ‘చేను’ అని రాసి, సంతకం లేకుండానే కాగితం తిరిగిచ్చాను.

అతను మళ్లీ రాకపోతే? నాయన ఇంకెన్నాళ్లు సేద్యం చేయగలడు? తప్పు చేశానేమో. కానీ ఇస్తే, చేనని రాయించుకునే ఇస్తాను.