అన్నీ చదివే పంపాను

ప్రియమైన తమ్ముడికి,

కొంప మునిగిందిరా. మా బడిలో లెక్కలకి డబ్బులు కట్టి వాడే సాఫ్ట్‌వేర్ తీసేసి, ఉచితంగా దొరికేది పెట్టారు. నెల తర్వాత ఇన్‌స్పెక్టర్ నా క్లాసులో కూర్చుంటాడు. తడబడితే పదో తరగతి లెక్కలు డ్రిల్లు మాస్టారికి, లైబ్రరీ తాళాలు నాకు. పాతది ఎలాగో అలవాటైంది గానీ, ఇరవై ఏళ్లుగా సుద్దముక్కతో గీసిన వృత్తం ఇందులో గీయలేకపోతున్నాను. నువ్వు కంప్యూటర్ల మనిషివి. మంచి పాఠాలు ఏరి పంపు.
కంగారులో ఉన్న
నీ అక్క

ప్రియమైన అక్కా,

ఇంతదానికేనా? నలభై ఏడు లింకులు జత చేశాను. అన్నీ చదివే పంపాను, నీ మీదొట్టు.
నీ తమ్ముడు

ఒరేయ్ ప్రియమైన తమ్ముడూ,

నా మీదెందుకురా ఒట్టు? నేనింకా బతకాలి! మొదటిది తొమ్మిది వందల పేజీల పుస్తకం. రెండోదాంట్లో ఒకాయన పదకొండు నిమిషాలు గొంతు సవరించుకున్నాడు. మూడోది నొక్కమన్న బటన్ నా దాంట్లో లేనే లేదు. ఏడోది తెరుచుకోదు. ఇక లాభం లేదని ప్రతి బటనూ నేనే నొక్కి, ఎక్కడ తప్పిందో, ఎలా సరైందో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. సైన్సు టీచరమ్మ చదివి పడీపడీ నవ్వుతోంది. ఇంకా పన్నెండు రోజులే. భయంగా ఉందిరా.
అక్క

ప్రియమైన అక్కా,

బంగారం దొరికింది! 'భయపడేవాళ్లకి వృత్తాలు', నలభై పేజీలు. ఎవరో టీచరట, పేరు లేదు. నెట్‌లో అందరూ ఒకటే మెచ్చుకోలు. అక్షరం వదలకుండా చదివాను. నీ పిచ్చిగీతల నోట్‌బుక్ అవతల పారేసి ఇది చదువు.
గర్వంతో
నీ తమ్ముడు

ప్రియాతిప్రియమైన తమ్ముడికి,

గండం గడిచింది. క్లాసు నాకే ఉంచారు. ఇన్‌స్పెక్టర్ వెళ్తూ వెళ్తూ పాఠాలు ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. నా నోట్‌బుక్ చూపించాను. దాన్నే సైన్సు టీచరమ్మ టైపు చేసి, నాలాంటి వాళ్లకి పనికొస్తుందని నెట్‌లో పెట్టింది. అవే నీ నలభై పేజీలు.

అక్షరం వదల్లేదన్నావుగా! మూడో పేజీలో వృత్తం పేరు 'మా తమ్ముడి పొట్ట'. తెర మీద అంచు పట్టుకు లాగితే పెరుగుతుంది. ఇన్‌స్పెక్టర్ నాలుగుసార్లు లాగి లాగి నవ్వాడు. ఇరవయ్యో పేజీలో 'లింకులు పంపే తమ్ముళ్లతో జాగ్రత్త' అని చుట్టూ గడి గీసి మరీ రాశాను.

కోపం లేదులే. కాస్త ఉంది. కానీ నీ లింకుల్లో ఒక్కటి బాగున్నా నేనీ పుస్తకం రాసేదాన్ని కాదు. అందుకు మాత్రం నువ్వంటే ముద్దొస్తోంది.
నీ
పేరులేని టీచరు

తా.క. పుస్తకం తప్పులు దిద్ది మళ్లీ నెట్‌లో పెడుతున్నాం, అది నీకే అంకితం. ఆ అంకితం మొదటి పేజీలోనే ఉంటుంది. కనీసం అదైనా చదువు.