మా ఇంటి జపాను నక్క

జూన్ 9
కరియడు ఈ రోజూ మొరిగాడు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. వీధిలో ఎవరి మీదా లేని కోపం ఈ కుక్కకు నా ఒక్కదాని మీదే. బిందెతో వస్తుంటే గడప దాకా తరిమాడు. అత్త రాట్నం దగ్గర కూర్చుని నవ్వుతోంది.
కండెలు చుట్టాను. దారం తెగకుండా చుట్టడం వచ్చేసింది. మగ్గం మాత్రం... అడగాలి. ఈసారి గట్టిగా.

జూన్ 11
అడిగాను. మామ నేత ఆపలేదు.
"కొడుక్కు నేర్పినాను. వాడు పోయి ఆదోనిలో సెల్లులు అమ్ముకుంటాండాడు. ఇంగ ఎవురికీ నేర్పను."
తనలో తాను అన్నట్టు — "సేన్లలో పుట్టిన పిల్ల... ఎన్ని దినాలు కూసుంటాది."
రెండో మగ్గం మీద వేలితో గీస్తే దుమ్ములో గీత పడుతోంది. అది మా ఆయన రవిది. తను ముట్టడు, నన్ను ముట్టనివ్వరు. ఏడుపు రాలేదు. మొండితనం వచ్చింది.

జూన్ 14
రవి బస్సు దిగి వస్తూ ఒక పుస్తకం తెచ్చాడు. ఆదోనిలో పాత కాగితాల అంగట్లో దొరికిందట. అట్ట లేదు. జపాను నక్కల కథలు. రోజూ ఈ బస్సు తిరుగుడు తన వల్ల కాదని సణుగుతూ పడుకున్నాడు. నేను చదువుతూనే ఉన్నాను.
ఆ నక్కలు మామూలువి కావు. వయసు పెరిగే కొద్దీ తోకలు పెరుగుతాయి, తొమ్మిది దాకా. ఆడరూపం ఎత్తుతాయి. ఇష్టపడ్డవాణ్ణి పెళ్ళాడి వండిపెడతాయి, పిల్లల్ని కంటాయి. మొగుడు కనిపెట్టలేడు, అత్తామామలు కనిపెట్టలేరు. కుక్క మాత్రం చూడగానే పసిగట్టేస్తుంది.
ఇక్కడ పుస్తకం మూసి నవ్వాను.

జూన్ 15
అత్తకు చెప్పాను. రాట్నం వదిలేసి కడుపు పట్టుకుంది.
"అదా సంగతి. మా కరియడు ఎప్పుడో కనుక్కున్నాడు. యాడే నీ తోక, సూపీ."
సాయంత్రానికల్లా వీధంతా చెప్పేసింది. ఇప్పుడు నేను జపాను కోడల్ని.
మామ నవ్వలేదు. కానీ మగ్గం చప్పుడు ఆగింది. వింటున్నాడు.

జూన్ 17
ఆ నక్కలకు వేపుళ్ళంటే ప్రాణమట. సోయా పాలు విరగ్గొట్టి, గడ్డకట్టించి, నూనెలో వేయిస్తారు. అక్కడ వరి పంటకు ఒక దేవుడున్నాడు, ఈ నక్కలే ఆయన బంట్లు. గుడి ముందు రాతి నక్కలకు మెడలో ఎర్రగుడ్డ కట్టి ఆ వేపుడే నైవేద్యం పెడతారు.
ఎమ్మిగనూరులో సోయా గడ్డ కోసం ఎక్కడ వెతకను... పొద్దున బొరుగుల ఉగ్గానిలోకి తెచ్చిన బజ్జీ ఒకటి గోడ మీద పెట్టాను, నా చుట్టాలెవరైనా వస్తారేమోనని. కరియడు వచ్చాడు. పై పిండి తిని మిరపకాయ వదిలేశాడు.

జూన్ 18
మొరగలేదు.

జూన్ 20
అన్నం దగ్గర మామ, తల ఎత్తకుండా — "ఆ నక్కలు మంచివా, సెడ్డవా?"
ఆయనంతట ఆయన నాతో మాట కలపడం ఇదే మొదలు. రెండూ అన్నాను. ఎండుటాకుల్ని డబ్బులుగా చూపించి మోసం చేస్తాయి. చీకట్లో దీపాలు చూపించి బాటసారిని దారి తప్పిస్తాయి. కానీ మేలు చేసినవాణ్ణి మరిచిపోవు. మాటిస్తే తప్పవు.
"అయితే మనుసుల కన్నా నయమే." మజ్జిగ పోసుకున్నాడు.

జూన్ 23
ఈ రోజు పెద్ద కథ. ఒకాయన నక్క అని తెలియక ఒకామెను పెళ్ళాడి హాయిగా కాపురం చేస్తాడు. ఒకనాడు కుక్క మీదికి వస్తే భయానికి ఆమె అసలు రూపం బయటపడుతుంది. పారిపోబోతుంటే మొగుడు అంటాడు — నక్కవైతే ఏమి, నా బిడ్డ తల్లివి, మళ్ళీ రా. ఆమె రోజూ రాత్రికి వస్తుంది, తెల్లవారితే వెళ్ళిపోతుంది. చివరికి రావడం మానేస్తుంది.
అత్త ముక్కు చీదింది. మగ్గం దగ్గర్నుంచి మామ గొంతు —
"ఎందుకు పోవల్ల? ఆయప్ప ఉండమన్నాడు కదా."
"పుస్తకంలో అంతే ఉంది మామా."
"అన్నీ ఇట్లే పోతాయా?"
చాలావరకు పోతాయన్నాను. మగ్గం మళ్ళీ మొదలైంది, ముందుకన్నా గట్టిగా. రవి గురించి అడిగాడా... నా గురించా...

జూన్ 27
కొంప ముంచాను.
పొద్దున్నే వీధిలో పడుగు సాచాం. ఆ కొస నుంచి ఈ కొస దాకా మగ్గానికి ఎక్కాల్సిన నిలువు నూలు, దాని మీద గంజి. ఇరుగుపొరుగంతా వచ్చి కుంచెలతో దువ్వుతున్నారు. గంజి ఆరేదాకా గట్టి ఎండ కావాలి. ఎండ బాగానే ఉంది. ఒక కొస తాడు నా చేతిలో.
ఉన్నట్టుండి చినుకులు. ఎండ ఎండగానే ఉంది, వాన వానగానే ఉంది.
నేను తాడు వదిలేసి చప్పట్లు కొట్టాను. "వాన వచ్చినాది, నక్కకు పెండ్లి" అంటూ ఎగిరాను.
మా పుట్టిల్లు హాలహర్విలో అంతే. విత్తనం వేసి మొగులు చూస్తూ కూర్చునేవాళ్ళం. చినుకు పడితే ముసలివాళ్ళు కూడా వీధిలోకొచ్చి తడుస్తారు. చేతులు వాటంతటవే లేచాయి.
తిరిగి చూస్తే వీధంతా నన్నే చూస్తోంది. గంజి తెల్లగా కారిపోతోంది. నా వైపు పడుగు మట్టిలో పడి ఉంది.
మామ తిట్టి ఉంటే బాగుండేది. అందరూ చేతుల మీద మోసి లోపలికి చేర్చారు.
జపానులోనూ ఎండావాన వస్తే నక్కల పెళ్ళేనట. మనుషులు చూడకూడదు, ఇంట్లో కూర్చోవాలి. నేను చూడడమేంటి, ఆడాను. తోక బయటపెట్టుకున్నాను. ఇక ఆ మగ్గం నాకు రాదు. ఇప్పుడు ఏడుపొస్తోంది.

జూన్ 28
అంటుకున్న పోగులు విడదీయడం. ఒక పక్క మామ, ఎదురుగా నేను. పిలవలేదు, నేనే పోయి కూర్చున్నాను. లెమ్మనలేదు. మామ పోగు విడదీస్తూనే —
"మీ నాయన సేన్లో పడినాదా?"
"పడినాది మామా. ఫోన్ చేసినాడు. మొలకలకు పానం వచ్చినాదంట."
ఇంకో పోగు విడదీశాడు.
"అయితే మంచి వానే. గంజిదేముంది, మళ్ళా పెట్టుకుంటాం."
తల వంచేశాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి. నా ముఖం మీదా ఎండావానే.

జూన్ 29
మళ్ళీ గంజి, మళ్ళీ వీధి. మామ తాడు నా చేతికే ఇచ్చాడు.
"ఈ పారి ఎవురి పెండ్లి అయినా ఇడసద్దు."
అందరూ నవ్వారు. మామ కూడా. ఆయన పళ్ళు ఇన్నాళ్ళకు చూశాను.

జూలై 2
దుమ్ము లేదు. రెండో మగ్గం తుడిచి ఉంది. నేను మట్టిలో పడేసిన పడుగే దాని మీదికి ఎక్కింది. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంత అంచున గోనెపట్టా మడిచి వేసి ఉంది. ఎవరి కోసమో ఎవరూ చెప్పలేదు. అత్త మోచేత్తో పొడిచింది.
దిగాను. మామ కొబ్బరికాయ కొట్టాడు.
"తోక మడిసి కూసో. పడుగు అయ్యేదాకా లేయకూడదు."
"లేయను మామా."
జానెడు నేశాను. అంచు వంకర. బాగుందనలేదు, విప్పమనీ అనలేదు. సాయంత్రం రవి వచ్చి తన మగ్గంలో నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.
"నక్క తోక తొక్కినావే నువ్వు."
"తొక్కేదేంది, అది నాదే."
ఎంత సంతోషంగా ఉందంటే కాళ్ళు ఇంకా గుంతలో మగ్గం తొక్కుతున్నట్టే ఉన్నాయి.

జూలై 5
పొద్దున రవి — ఆదోనిలో గది చూశాడట, అంగడి దగ్గరే. వచ్చే నెలలో పోదామంటున్నాడు. బస్సులో నలిగి నలిగి మనిషి సగమయ్యాడు, అది నిజం. పడుగు అయిపోనీ అన్నాను. మామ సంగతి నాకు తెలుసు, అది అయ్యేలోపు ఇంకోటి ఎక్కిస్తాడు.
ఆ మాటలు మామ విన్నాడో లేదో. సాయంత్రం పక్క మగ్గం నుంచి — "పోకుండా నిలబడిపోయిన నక్క కత ఒకటి సెప్పు."
రేపు చెబుతానన్నాను.
పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. అలాంటిది ఒక్కటీ లేదు. కరియడు నా కాళ్ళ దగ్గరే పడుకుని ఉన్నాడు. రేపు మామ అడుగుతాడు. నక్కలు మాటిస్తే తప్పవని ఆయనకు చెప్పింది నేనే.