విమానం పిలగానికి ఇష్టమైన కూర తెలుపుట గురించి

జగిత్యాల జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
బీర్పూర్ మండలం కల్లుగీత కార్మికుడు బుచ్చన్న రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా పొలాలల్ల విమానం కూలి చనిపోయిన పిలగాడు ఏది ఇష్టంగా తినేటోడో వాళ్ల ఇంటోళ్లను అడిగి, పెద్దదినం (పెద్దకర్మ) లోపల మాకు తెలియజేయుట గురించి.

తమరు నవ్వుతరని ఎరుకే. ప్రజావాణిల కాయితం తీసుకునే సారు ముందే నవ్విండు. "ఇది ఏ శాఖకు రాయాలెనయ్యా, విమానాలకా, బియ్యానికా?" అన్నడు. రెండింటికీ రాయుమన్న. అందుకని ఈ అర్జీ నేరుగ తమరికే.

1. మొన్న యాసంగి నాట్లప్పుడు నేను తాడిచెట్టు మీద ఉండగా, సిరిసిల్ల దిక్కు నుంచి ఒక చిన్న విమానం వచ్చినది. నడుపుడు నేర్చుకునేటోళ్లది, మా మీదికెళ్లి ఎప్పుడూ పోయేదే. ఆనాడు గాలిలనే ఇంజను బందయినది. ముందటి ఫ్యాను తిరుగుత లేదు. చప్పుడు లేకుండ మీదికచ్చే విమానమంత భయం ఇంకోటి లేదు సారూ.

2. సదరు విమానం దిగుటకు మా మళ్లు తప్ప సాపు జాగ లేదు. ఆ మళ్లల్ల సాయవ్వ, ఇంద్రమ్మ, ఇంకా కైకిలి కూలికి వచ్చిన ఆడోళ్లు వంగి నాటేస్తున్నరు. "ఉరుకుండ్రే!" అని పైనుంచి మొత్తుకున్న. మోకాలి బురదల ఎవరు ఉరుకుతరు? పిలగాడు ఆళ్లను చూసిండు. రెక్క వంచి, రాళ్ల గుట్ట దిక్కు మళ్లిచ్చుకున్నడు. చెట్టు మీదున్న నేనే సాక్షిని.

3. విమానం కూలిన కాడికి అందరికంటె ముందు చేరింది ముసల్ది సాయవ్వ. తన సీసల నీళ్లు పిలగాని నోట్ల పోసింది. రెండు గుటకలు మింగి పాణం ఇడిసిండు. ఏదో దూరపు రాష్ట్రం పిలగాడట, ఆ పొద్దే ఆళ్ల ఊరికి తీస్కపోయిండ్రు. "కన్నతల్లి ఆమె ఇంటికాడ పెట్టుకుంటది. నా చేతి నీళ్లు తాగి పోయిండు, పాణం పోయిన కాడ నేను పెడత" అన్నది సాయవ్వ.

4. తమరు వేరే దిక్కు వారై ఉండవచ్చును గనుక మనవి: మా దిక్కు పోయినోళ్లకు ఇష్టమైనవి వండి పెడతం. పిట్ట ముడితే ఆళ్ల మనసు నిమ్మళమైనట్టు. ముట్టకపోతే ఏదో ఆశ మిగిలినట్టు. మూడోనాడు అన్నం, యాటకూర, నా తరఫున ఇంత కల్లు పెట్టినం. పిట్ట రాలే. "నీసు తినడేమో" అని పప్పు, పెరుగన్నం పెట్టిండ్రు. రాలే. కోరుట్ల బిర్యాని తెచ్చిన. రాలే. నా బిడ్డ అక్షిత "ఈ కాలం పోరగాండ్లు పిజ్జా తింటరు బాపూ" అంటే జగిత్యాల పోయి అదీ తెచ్చిన. కుక్క తిన్నది. కుక్కది లెక్కకు రాదట.

"పెట్రోలు వాసనకు కాకులు వస్తలేవే పెద్దవ్వా" అని చెప్పిచూసిన. ఇనలే. ఆఖరికి "నువ్వు ఇంటికి పోయినంక పిట్ట ముట్టింది, నేను చూసిన" అన్న. "నీ నోట్ల నిజం పుడితే తాడిచెట్లకు మామిడికాయలు కాస్తయిరా బుచ్చిగా" అన్నది. ఇన్నేండ్ల నా కొంటెతనానికి గదే కూలి.

5. విచారణకు వచ్చిన సార్లు "యంత్ర లోపము, స్థానికులకు నష్టమేమియు లేదు" అని రాసుకున్నరట. అక్షిత పేపర్ల చదివి ఇనిపిచ్చింది. సాయవ్వ లేశి పోయి గోడ దిక్కు మళ్లి కూసున్నది. ఆనాటి సంది సరిగ తింటలేదు. పిలగానికి ముట్టనిది తనకెట్ల దిగుతదంటది. యంత్రానికి లోపం ఉండె సారూ. పిలగానికి ఏ లోపమూ లేకుండె.

కావున పెద్దాఫీసుల నుంచి ఒక ఫోను చేయించి, ఆ తల్లిని మెల్లగ అడిగించి, జవాబు మీద తమ ముద్ర వేసి పంపగలరు. నా మాట నమ్మదు గాని, ముద్రను నమ్ముతది. పెద్దదినం ఈ బేస్తవారమే.

ఇది తమరు చిత్తగించవలెను. నవ్వొస్తే నవ్వినంకనైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు (చెట్టు దిగినప్పుడు),
బుచ్చన్న

మళ్లొక ముక్క: ఆ తల్లిని ఇప్పుడు ఇది అడుగుడు కష్టమే, నాకూ ఎరుకే. అడుగ మనసొప్పకపోతే ఇడిసిపెట్టుండ్రి. మీ ఇంట్ల గా ఈడు కొడుకుంటే, ఆనికేది ఇష్టమో గదే రాసి పంపుండ్రి. సాయవ్వ వండుతది.