రావణుడికి తేలికపాటి బాణం

సెప్టెంబర్ 4, 2022, ఆదివారం

ఈ రోజు నుంచి నేను విలుకాణ్ణి!

మా డిస్పాచ్ సెక్షన్‌లో తరుణ్‌కి పుణెలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు తన సామాను వదిలించుకుంటూ క్రాస్‌బో నాకు అంటగట్టాడు. కాంపౌండ్ క్రాస్‌బో! పొట్టిది. తుపాకీలా ట్రిగ్గరు, ముందు రెండు రెక్కలు, రెక్కల చివర రెండు చిన్న చక్రాలు, వాటి మధ్య బిగించిన తాడు. తాడు లాగి కొక్కేనికి తగిలించడం, బాణం పెట్టడం, ట్రిగ్గరు నొక్కడం. ఇంతే. చిన్న పిల్లలకి కూడా వస్తుంది.

తరుణ్ జాగ్రత్తలు చెప్పాడు. "సార్, బాణం పెట్టకుండా తాడు మాత్రం వదలకండి. ఆ జోరంతా రెక్కల మీద పడి పగిలిపోతాయి." నవ్వొచ్చింది. బాణం పెట్టకుండా ఎవడు వదులుతాడు?

సంకల్పం: రోజూ ఉదయం ఆరింటికి డాబా మీద. టీకి ముందే. రోజుకి ముప్ఫై బాణాలు. దసరా నాటికి పది గజాల నుంచి నిమ్మకాయని కొట్టాలి.

ఊర్మిళకి చూపించాను. నా భార్య ఏ కొత్త వస్తువునైనా ఒకే కంటితో చూస్తుంది. "సైకిల్ కొన్నారు, దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాను. గిటార్ కొన్నారు, దాని మీద ఏం ఆరెయ్యాలో తెలీక అటక మీద పెట్టాను. దీని మీద ఏం ఆరెయ్యాలి, రుమాళ్ళా?"

మా అత్తగారు రమణమ్మగారు టెక్కలి నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, ఇక్కడే కంటి ఆపరేషన్ చేయించుకుని మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏటి బాబూ ఇది, ఉండేలు బద్దేటి? ఇంత లావుందేటి?"

ప్రోత్సాహం అంటే మా ఇంట్లోనే చూడాలి.

సెప్టెంబర్ 5, సోమవారం

ఆరింటికి అలారం మోగింది. అది దాని పని. నేను ఆరూ నలభైకి లేచాను. టీ తాగి వెళ్ళాను, చెయ్యి వణక్కూడదు కదా.

పిట్టగోడకి పాత పరుపు ఆనించాను. ముప్ఫై బాణాలు అనుకున్నాను గానీ ఉన్నవి ఆరు. మూడు పరుపులో దిగాయి! రెండు పిట్టగోడకి తగిలాయి. ఆరోది ఆరేసిన నా ఆఫీసు చొక్కా జేబులోంచి దూసుకుపోయింది. సరిగ్గా గుండె దగ్గర. గురి ఉన్నట్టే.

సెప్టెంబర్ 8, గురువారం

వాన. మంగళవారం కూడా వానే. నిన్న వాన లేదు గానీ వచ్చేలా ఉంది.

సెప్టెంబర్ 11, ఆదివారం

ఘోరం జరిగింది. తర్వాత అద్భుతం జరిగింది. వరసగా రాస్తాను.

గురి చూస్తుంటే వెనక కాకి అరిచింది. తిరిగాను. నాతోపాటు క్రాస్‌బో తిరిగింది. వేలు నొక్కేసింది. బాణం పక్కింటి డాబా మీద నీళ్ళ ట్యాంకులో దిగబడింది. సన్నగా ధార కారడం మొదలైంది.

పక్కిల్లు వీరేంద్ర సాహుది. భన్‌పురిలో ఆయనకి లారీలున్నాయి. మా బీర్‌గావ్ కాలనీ దసరా కమిటీకి అధ్యక్షుడు కూడా. మీసం మెలేస్తూ మేడెక్కి వచ్చాడు. అయిపోయాను అనుకున్నాను. ఆయన బాణం పీకాడు, కన్నంలో వేలు పెట్టాడు, వెనక్కి జరిగి ట్యాంకు మొత్తం ఒకసారి చూశాడు.

"అరే రావ్ జీ! బిల్కుల్ బీచో బీచ్ మారా హై!"

ట్యాంకుకి సరిగ్గా నడిమధ్యన తగిలిందట. ఇంత గురి ఈ కాలనీలో ఎవరికీ లేదట. నేను ఖండించలేదు. మనిషి ఆనందాన్ని పాడుచేయడం నా స్వభావం కాదు.

"టంకీ ఛోడియే. ఇస్ బార్ రావణ్ ఆప్ మారేంగే. జల్తే హుయే తీర్ సే!"

ట్యాంకు సంగతి వదిలేయమన్నాడు. మండే బాణంతో నేను! రావణుణ్ణి! ఏటా వీరేంద్ర మేనల్లుడు వెదురు విల్లుతో వేస్తాడు. పదకొండేళ్ళుగా చందా ఇచ్చి, ఆఖరి వరసలో నిలబడి, ఆ దుమ్ము పీల్చి ఇంటికొస్తున్నవాణ్ణి నేను. ఈ కాలనీలో నా పేరు 'ఆంధ్రావాలే'. మల్లేశ్వరరావు అని ఒకడున్నాడని కొరియర్ కుర్రాడికి తప్ప ఎవరికీ తెలీదు. మొదటిసారి నన్ను వేదిక మీదికి పిలుస్తున్నారు.

కొట్టాలి. పరువు విషయం. ఏమైనా సరే కొట్టి తీరాలి.

ఊర్మిళ అంది: "మన ఇళ్ళల్లో దసరాకి రావణుణ్ణి కాల్చే ఆచారమే లేదు కదండీ."

ఆచారం లేకపోతే ఏం, అవకాశం ఉందిగా.

సెప్టెంబర్ 14, బుధవారం

ఆఫీసులో కూర్చుని ఆలోచించాను. (ఆఫీసు పని ఎక్కడికీ పోదు.) బాణం మండాలంటే కొనకి కిరసనాయిలు గుడ్డ చుట్టాలి. గుడ్డ చుడితే బరువు. సాయంత్రం తడి గుడ్డ చుట్టి వేసి చూశాను. బాణం సగం దూరంలో దభీమని పడింది. రావణుడు నలభై అడుగుల వాడు, ఆయన పాదాలకి నమస్కారం చేసినట్టుంటుంది.

పరిష్కారం: గుడ్డ ఎంత బరువు పెంచుతుందో, పుల్ల అంత బరువు తగ్గాలి! ఇంత చిన్న సంగతి బాణాలు తయారుచేసేవాళ్ళకి తట్టలేదంటే ఆశ్చర్యం.

కిరసనాయిలు డాబా మీదికి తెస్తానంటే ఊర్మిళ ఒప్పుకోలేదు. "పాగల్ అయ్యారా? ఛత్ మీద నిప్పు పెడితే రావణుడి కంటే ముందు మనం పోతాం."

సరే. గుడ్డ ఆ రోజు చుడదాం. ఇప్పుడు ఉత్త పుల్లతో సాధన.

సెప్టెంబర్ 18, ఆదివారం

ప్రయోగాల రోజు!

వెదురు పుల్ల, సన్నగా చెక్కింది: బాగా వెళ్ళింది.

మైదానం పక్కన కోసుకొచ్చిన రెల్లు పుల్ల: ఇంకా బాగా వెళ్ళింది! కంటికి కనపడనంత వేగం. 'ఠప్పు'మని చప్పుడు కూడా పెరిగింది. శక్తి పెరిగితే చప్పుడు పెరగదా మరి.

గొప్ప కోసం తరుణ్‌కి ఫోన్ చేసి చెప్పాను. కంగారుపడ్డాడు. "సార్, బాణం మరీ తేలికైతే ఖాళీగా వదిలినట్టే. దానితో వచ్చిన బాణాలే వెయ్యండి." పుణె వెళ్ళి పక్షం కాలేదు, కుర్రాడికి అప్పుడే జ్ఞానం పొంగిపోతోంది.

సెప్టెంబర్ 22, గురువారం

ఈ వారం సాధన లేదు. ఫ్యాక్టరీలో లారీల లోడింగు, ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనం. అయినా విలువిద్యలో అసలు సాధన మనసుతో. భోజనం చేస్తూ రావణుణ్ణి రెండుసార్లు పడగొట్టాను.

సెప్టెంబర్ 25, ఆదివారం

ఆటోకి మైకు కట్టి కాలనీ అంతా తిప్పుతున్నారు. "ఇస్ వర్ష్ రావణ్ వధ్ కరేంగే ధనుర్ధర్ రావ్ జీ!" పాలవాడు నన్ను చూసి సైకిల్ దిగి నమస్కారం పెట్టాడు. పదకొండేళ్ళలో మొదటిసారి పాలలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి.

భయం మొదలైంది. రేపట్నుంచి ఆరింటికి లేవాల్సిందే.

సెప్టెంబర్ 27, మంగళవారం

లేచాను. లేవకపోతే బాగుండేది.

రెల్లు కంటే తేలికైంది కావాలనిపించింది. చీపురు పుల్లలు నాలుగు కలిపి దారంతో కట్టాను. తాడు లాగాను. పెట్టాను. నొక్కాను.

ఫట్!

పుల్లలు ఎక్కడికి పోయాయో తెలీదు. తాడు ఒక చక్రం మీంచి జారి వేలాడుతోంది. ఎడమ రెక్క మీద వెంట్రుకంత గీత. వేలు పెట్టి చూశాను. పగులు.

పరుపు మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. నలభై ఆరేళ్ళ వాడికి, బొమ్మ విరిగినట్టు, నిజంగానే ఏడుపొచ్చింది. తరుణ్‌కి ఫోన్ చేస్తే కొత్త రెక్క ఢిల్లీ నుంచి రావాలట, దీపావళి దాటుతుందట. 'చెప్పాను కదా సార్' అనలేదు. అంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

కింద అత్తగారు ఊర్మిళతో అంటున్నారు: "సీపురు సన్నబడిపోతందేటే?"

సెప్టెంబర్ 29, గురువారం

తరుణ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. తాడు చక్రాల మీద ఉత్తుత్తిగా తగిలించి, పైకి బాగానే కనపడేలా పెట్టాను. తప్పించుకునే మార్గాలు ఆలోచిస్తున్నాను. జ్వరం వస్తే బాగుండు. రెండుసార్లు చన్నీళ్ళు పోసుకున్నాను. ఆరోగ్యం ఇంకా మెరుగైంది.

అక్టోబర్ 4, మంగళవారం, మహర్నవమి

దేవుడున్నాడు! అత్తగారి రూపంలో ఉన్నాడు!

పొద్దున్నే ఆయుధపూజ. అత్తగారు కత్తిపీట, కుట్టుమిషన్, నా స్కూటర్ తాళం అన్నీ దేవుడి ముందు పెట్టించారు. "ఆ ఉండేలు బద్ద కూడా తెచ్చీ బాబూ. ఒకపాలి పూజలో ఎట్టినాక ఉద్వాసన సెప్పీదాకా ముట్టుకోకూడదు, మరి సూసుకో."

ముట్టుకోకూడదు! ఇంతకంటే తీయటి మాట నేనెప్పుడూ వినలేదు. పరుగున వీరేంద్ర దగ్గరికి వెళ్ళాను. మా ఆచారం ప్రకారం ఆయుధం పూజలో ఉంది, రేపు తీయలేను, క్షమించాలి అని మొహం వేలాడేసి చెప్పాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. "ధరమ్ కా మామ్‌లా హై, రావ్ జీ." ధర్మం విషయం అన్నాడంటే ఒప్పుకున్నట్టే! మధ్యాహ్నం పులిహోర మూడుసార్లు వడ్డించుకున్నాను.

ఒక్కటే బాగాలేదు. క్రాస్‌బోకి పసుపు రాస్తూ ఊర్మిళ ఎడమ రెక్క దగ్గర ఆగింది. నా వంక చూసింది. పగులు మీదే వరసగా మూడు కుంకుమబొట్లు పెట్టింది.

అక్టోబర్ 5, బుధవారం, దసరా

సాయంత్రం అయిదింటికి వీధిలో డోలు. తలుపు తీస్తే వీరేంద్ర, వెనక కమిటీ మొత్తం, చేతుల్లో పూలదండలు. ఆయుధం పూజలో ఉంది కాబట్టి మర్యాదగా ఊరేగించి తీసుకెళ్ళడానికి వచ్చారట. పూజ ఎప్పుడు పూర్తయితే అప్పటిదాకా గుమ్మంలో కూర్చుంటారట.

ఊర్మిళ ఆ మాట వాళ్ళమ్మకి తెలుగులో చెప్పింది. అత్తగారి మొహం వెలిగిపోయింది. "అయ్యో, మద్దేన్నమే ఉద్వాసన సెప్పీసినాను కదే! పట్టుకెల్లమను, పట్టుకెల్లమను!"

క్రాస్‌బోకి ఒక దండ, నాకొక దండ. ఇద్దరిలో ఎవరు బలి మేకో తెలీడం లేదు.

వేదిక ఎక్కేముందు వీరేంద్రని పక్కకి లాగి చెప్పేశాను. "భాయ్ సాబ్, టూట్ గయా హై." విరిగిపోయింది. ఆయన బొట్లు పెట్టిన రెక్క వంక చూసి పకపకా నవ్వాడు.

"తో క్యా హువా? రఘు హై నా!"

అయితే ఏం, రఘు ఉన్నాడుగా అట. రఘు మా కాలనీ ఎలక్ట్రీషియన్. రావణుడి వెనక స్విచ్చు పట్టుకుని కూర్చున్నాడు. ఏటా అతనే నొక్కుతాడట! మేనల్లుడి బాణం ఇంతవరకూ ఒక్కసారీ తగల్లేదట! నేను గురి చూసినట్టు నిలబడితే చాలట. పదకొండేళ్ళు ఆఖరి వరసలోంచి నేను నోరు తెరుచుకు చూసింది రఘు స్విచ్చుని.

నిలబడ్డాను. గుడ్డ చుట్టిన బాణం పెట్టాను, ముట్టించలేదు. ఎత్తాను. రఘు నొక్కాడు. రావణుడు భగ్గుమన్నాడు. టపాకాయలు, పొగ, జేజేలు! వీరేంద్ర నన్ను కౌగిలించుకున్నాడు. చెవులు సిగ్గుతో మండిపోయాయి.

అప్పుడు ముందు వరస కుర్చీలోంచి అత్తగారు లేచారు. ఆపరేషన్ అయిన కన్ను, అద్దంలా కనిపిస్తుంది ఆవిడకి. మైకు పక్కకొచ్చి గట్టిగా అడిగారు:

"బాబూ! రావణాసురుడు కాలిపోనాడు గానీ, నీ బాణం ఇక్కడే ఉందేటి?"

మైదానం అంతా మోగింది. అమ్మగారేమన్నారని వీరేంద్ర ఊర్మిళ వైపు తిరిగాడు. "అమ్మాజీ నే క్యా కహా, భాభీ?"

అంతమందిలో తెలుగు తెలిసినవాళ్ళం మేం ముగ్గురమే. ఊర్మిళ నా వంక ఒక్క క్షణం చూసి, మైకు అందుకుంది. "ఆశీర్వాద్ దే రహీ హై. కహ్ రహీ హై, దామాద్ హో తో ఐసా హో."

అల్లుడంటే ఇలా ఉండాలి. చప్పట్లు రెట్టింపయ్యాయి. ఏం అర్థమైందో గానీ అత్తగారు కూడా కొట్టారు.

ఇంటికొచ్చాక పీట మీద కూర్చుని ఊర్మిళ అడిగింది. "ఎప్పుడు విరిగింది?"

"పోయిన వారం, మంగళవారం."

"నాకైనా చెప్పకూడదా? నవ్వుతాననుకున్నారా?"

"నవ్వవా?"

"నవ్వుతాను. నవ్వి, పక్కన కూర్చునేదాన్ని." క్రాస్‌బోకి ఉన్న దండ తీసింది. తర్వాత అంది: "వాళ్ళ ముందు కొట్టకపోతే కొట్టకపోయారు. ఒక్కసారి నాకు కొట్టి చూపించండి. నిజంగా."

తలూపాను.

అక్టోబర్ 30, ఆదివారం

ఢిల్లీ నుంచి రెక్క వచ్చింది! తరుణ్ ఫోన్లో చెబుతుంటే బిగించాను. ఒక మర మిగిలిపోయింది. చూడాలి.

సంకల్పం: రేపటి నుంచి రోజూ ఉదయం ఆరింటికి డాబా మీద. టీకి ముందే. దానితో వచ్చిన బాణాలే. చీపురు జోలికి వెళ్ళను. గురి: నిమ్మకాయ. పది గజాలు ఎక్కువే, అయిదు చాలు.

ఊర్మిళ ఇప్పటికే డాబా మీద కుర్చీ వేసుకుంది. పక్కన ఇంకో కుర్చీ కూడా ఉంది. ఎవరికని అడిగాను.

"అమ్మకి. ఈసారి బాణం వెళ్తుందో లేదో దగ్గర్నుంచి చూస్తుందట."